కార్ట్ తగిలి కారు సొట్టపోతే: చెవిన పెట్టకూడని పది సలహాలు

శనివారం సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు, సోనా మసూరి సంచీ కొనుక్కుని బయటికొస్తారు. కారు తలుపు మీద అరచేయంత సొట్ట. పక్కనే ఓ ఖాళీ షాపింగ్ కార్ట్. చుట్టూ ఎవరూ ఉండరు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టగానే సలహాలు మొదలవుతాయి. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. సలహా చెప్పేవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే. కానీ ఆ సలహాల్లో చాలావరకు జేబుకు చిల్లు పెట్టేవి. ఒకటి రెండయితే క్రిమినల్ కేసు దాకా తీసుకెళ్లేవి. అందుకే తరచుగా వినిపించే పదింటిని వరసగా పెట్టి, ఒక్కొక్కటి ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో చెబుతున్నాను.

ముందుగా ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. అజాగ్రత్త ఎవరిదో నష్టపరిహారం బాధ్యత వాళ్లది. కార్ట్ ఎవరిది, స్థలం ఎవరిది, బోర్డు మీద ఏం రాశారు అన్నవన్నీ ఆ తర్వాతి ప్రశ్నలు. చట్టాల వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, పునాది మాత్రం ఇదే.

1. "కార్ట్ స్టోర్ వాళ్లది. కాబట్టి డబ్బు వాళ్లే కట్టాలి"

అన్నిటికంటే ఎక్కువమంది నమ్మే మాట ఇదే. కార్ట్ స్టోర్‌దే అయినా, అంతమాత్రాన బాధ్యత దానిమీద పడదు. మీకంటే రెండు నిమిషాల ముందు ఎవరో కస్టమర్ కార్ట్‌ను వాలులో వదిలేసి వెళ్లిపోయి, అది దొర్లి మీ కారుకు తగిలిందనుకోండి. ఆ రెండు నిమిషాల్లో స్టోర్ దాన్ని చూసి తీయించగలిగేది కాదు. అప్పుడు తప్పు ఆ కస్టమర్‌ది.

స్టోర్ మీద బాధ్యత ఎప్పుడు పడుతుంది? కార్ట్‌లు పెట్టే స్టాండ్ విరిగి ఉందని తెలిసీ బాగుచేయించనప్పుడు. వాలుగా ఉన్న లాట్‌లో స్టాండ్లే పెట్టనప్పుడు. వదిలేసిన కార్ట్‌లు గంటల తరబడి దారిలో పడి ఉన్నా మనిషిని పంపనప్పుడు. అన్నిటికంటే తేలిగ్గా నిరూపించగలిగేది మరొకటి ఉంది: స్టోర్ ఉద్యోగే కార్ట్‌లు తోస్తూ మీ కారుకు తగిలించినప్పుడు.

ఈ చివరిది అరుదేమీ కాదు. షాపింగ్ కార్ట్‌ను 1937లో ఓక్లహోమా సిటీలో హంప్టీ డంప్టీ స్టోర్ల యజమాని సిల్వన్ గోల్డ్‌మన్ మొదటిసారి వాడకంలోకి తెచ్చాడు. ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే కార్ట్‌ను 1946లో కాన్సస్ సిటీకి చెందిన ఓర్లా వాట్సన్ తయారుచేశాడు. ఆ ఇమిడే ఏర్పాటు వల్లే ఈరోజు ఒక్క మనిషి పొడుగాటి కార్ట్‌ల వరసను ఒకేసారి తోసుకెళ్లగలుగుతున్నాడు. వెనకనుంచి తోసేవాడికి ముందు చివర సరిగా కనపడదు. మలుపు తిరిగేటప్పుడు వరస వంగి, ముందున్న కార్ట్ మూల పక్కనున్న కారు బంపర్‌ను గీరేస్తుంది. ఉద్యోగి పనిలో ఉండగా చేసిన పొరపాటుకు యజమాని జవాబుదారీ. అయితే కొన్ని స్టోర్లు ఈ పనిని బయటి కాంట్రాక్టర్‌కు అప్పగిస్తాయి. అందుకే తోస్తున్న మనిషి ఎవరి తరఫున పనిచేస్తున్నాడో అప్పుడే అడిగి రాసుకోండి.

2. "బోర్డు పెట్టారుగా, ఇక చేసేదేం లేదు"

"వాహనాలకు జరిగే నష్టానికి మేం బాధ్యులం కాదు" అన్న బోర్డు చాలా లాట్‌లలో కనిపిస్తుంది. దాన్ని చూసి వెనుదిరిగేవాళ్లు ఎంతోమంది. బోర్డు పెట్టినంత మాత్రాన సొంత అజాగ్రత్తకు జవాబు చెప్పాల్సిన బాధ్యత దానంతటదే తుడిచిపెట్టుకుపోదు. బోర్డుకు కోర్టు ఎంత విలువ ఇస్తుందన్నది రాష్ట్రాన్ని, సందర్భాన్ని బట్టి ఉంటుంది. కానీ ఉద్యోగి మీ కారును గుద్దిన చోట బోర్డును చూపించి తప్పించుకోవడం కష్టం.

ఇంకో తేడా కూడా తెలుసుకోవాలి. ఉచిత పార్కింగ్‌లో కారు పెట్టినంత మాత్రాన దాన్ని కాపలా కాసే పూచీ స్టోర్ తీసుకున్నట్టు కాదు. వ్యాలెట్‌కు తాళం చేతికిస్తే లెక్క వేరు. అప్పుడు కారు వాళ్ల అధీనంలో ఉన్నట్టు, కాబట్టి వాళ్ల బాధ్యత బాగా పెరుగుతుంది.

3. "చిన్న సొట్టే కదా, లైట్ తీసుకో"

రంగు చెదరకపోతే, లోహం మడత పడకపోతే ఈ మాటలో కొంత నిజం ఉంది. పెయింట్ జోలికి పోకుండా లోపలివైపు నుంచి నెట్టి సొట్ట తీసే పద్ధతి చవకలోనే అయిపోతుంది. కానీ కింది సందర్భాల్లో తేలిగ్గా వదిలేయకండి.

రంగు లేచిపోయి లోహం కనిపిస్తుంటే, మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ చోట తుప్పు పడుతుంది. కారు లీజుదైతే, తిరిగి అప్పగించేటప్పుడు మామూలు అరుగుదలకు మించిన సొట్టలకూ గీతలకూ డబ్బు వసూలు చేస్తారు. బాడీ అల్యూమినియంది అయితే (2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 అలాంటిదే) బాగుచేయడానికి విడిగా పనిముట్లు, శిక్షణ కావాలి, ఖర్చూ ఎక్కువ. ఇప్పటి బంపర్ల వెనక సెన్సర్లు ఉంటున్నాయి. పైకి గీతలా కనిపించిన దెబ్బ లోపల సెన్సర్‌ను కదిలించి ఉండొచ్చు. వదిలేయాలా వద్దా అన్నది ఎస్టిమేట్ చేతికొచ్చాక తేల్చుకోండి.

4. "ముందు ఇంటికి పద, తీరిగ్గా ఫోన్ చేద్దాం"

ఈ సలహా విన్నవాళ్లు గెలవాల్సిన క్లెయిమ్‌ను కూడా పోగొట్టుకుంటారు. ఐస్‌క్రీమ్ కరిగిపోతుందనో, పిల్లలు ఏడుస్తున్నారనో కారు తీసేస్తారు. తీసిన క్షణంలోనే సగం సాక్ష్యం చెరిగిపోతుంది.

కారు కదపకుండా మొదటి పావుగంటలో చేయాల్సిన పని ఇది. కార్ట్, కారు, నేల వాలు, దగ్గర్లోని స్టాండ్, లైటు స్తంభం మీది నంబరు అన్నీ పడేలా దూరం నుంచి ఫొటోలు తీయండి. తర్వాత దగ్గర్నుంచి తీయండి. కార్ట్ మూలకు ఉండే ప్లాస్టిక్ తొడుగు రంగు మీ తలుపు మీద అంటుకుని ఉండొచ్చు. మీ కారు రంగు ఆ తొడుగు మీద ఉండొచ్చు. ఈ రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయని తెలిసేలా కార్ట్‌ను సొట్ట పక్కన నిలబెట్టి, కొలత టేపు ఉంటే పట్టి మరో ఫొటో తీయండి. ఇలాంటి ఒక్క ఫొటో ఉంటే, దెబ్బ ఇంకెక్కడో తగిలిందన్న వాదనకు తావుండదు.

చూసినవాళ్లుంటే పేరు, ఫోన్ నంబరు తీసుకోండి. గోడల మీద, స్తంభాల మీద కెమెరాలు ఎటు చూస్తున్నాయో ఫొటో తీయండి. సీసీ కెమెరా రికార్డింగ్ ఎప్పటికీ ఉండదు, కొన్నాళ్లకు పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. అందుకే అదేరోజు "ఈ తేదీ, ఈ సమయం మధ్య, ఫలానా వైపు కెమెరా రికార్డింగ్‌ను చెరపకుండా భద్రపరచండి" అని ఈమెయిల్ పంపండి. మీకు ఇవ్వకపోయినా ఫరవాలేదు, భద్రపరచమని రాతపూర్వకంగా అడగడం ముఖ్యం. అడిగాక కూడా చెరిపేస్తే ఆ సంగతి తర్వాత కోర్టులో వాళ్లకే ఎదురుతిరగొచ్చు. మీది టెస్లా అయితే సెంట్రీ మోడ్ ఆన్‌లో ఉందో లేదో, వేరే కారైతే డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో రికార్డు చేసిందో లేదో చూసి వెంటనే కాపీ చేసుకోండి.

చిన్న నష్టమై, జరిగింది ప్రైవేటు స్థలంలో అయితే చాలా ఊళ్లలో పోలీసులు రారు. దాని గురించి కంగారు పడకండి. ఆన్‌లైన్‌లో రిపోర్టు పెట్టే వీలుంటే పెట్టండి.

5. "మేనేజర్ మంచివాడు, చూసుకుంటానన్నాడు"

నిజంగానే మంచివాడై ఉండొచ్చు. కానీ డబ్బు చెల్లించే అధికారం చాలాసార్లు అతని చేతిలో ఉండదు. పెద్ద స్టోర్ల క్లెయిమ్‌లను విడిగా ఓ విభాగమో, బయటి సంస్థో చూస్తుంది. నోటిమాట అక్కడిదాకా చేరదు. మేనేజర్‌తో ఇన్సిడెంట్ రిపోర్టు రాయించి, కాపీ గానీ నంబరు గానీ తీసుకోండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడగడం కాగితం మీద జరగాలి. ఏం జరిగింది, ఎవరి అజాగ్రత్త, ఎస్టిమేట్ ఎంత, ఏ తేదీలోగా జవాబు కావాలి అన్నవి ఒక పేజీలో రాసి పంపండి.

మన ఇండియన్ స్టోర్ల విషయంలో ఇంకో చిక్కుంది. అవి చాలావరకు స్ట్రిప్ మాల్స్‌లో అద్దెకు నడుస్తాయి. పక్కన బిర్యానీ హోటలు, ఇటుపక్క బ్యూటీ పార్లర్, అందరికీ ఒకటే లాట్. ఆ లాట్ నిర్వహణ తరచుగా బిల్డింగ్ యజమాని చేతిలో ఉంటుంది. విరిగిన స్టాండ్, గుంతలు, లైటింగ్ లాంటివాటికి అతను జవాబుదారీ కావచ్చు. కార్ట్‌లను ఏరి తీసుకెళ్లాల్సిన పని స్టోర్‌ది కావచ్చు. ఎవరి వంతు ఎంతన్నది వాళ్ల లీజు కాగితాల్లో ఉంటుంది. కాబట్టి ఉత్తరం ఇద్దరికీ పంపండి. ఒక్కరికే పంపితే ఒకరిమీద ఒకరు చెప్పుకుంటూ నెలలు గడిపేస్తారు.

కొందరు వెంటనే గిఫ్ట్ కార్డో, చిన్న మొత్తానికి చెక్కో ఇచ్చి ఓ కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఆ కాగితంలో "ఇంతటితో అన్ని క్లెయిమ్‌లూ సమాప్తం" అని ఉంటే, బాడీ షాపు వాళ్లు తలుపు విప్పి లోపల ఇంకేదో దెబ్బతిందని చెప్పినా మళ్లీ అడిగే వీలుండదు. ఎస్టిమేట్ రాకముందు సంతకం పెట్టకండి. అడిగేటప్పుడు రిపేరు ఖర్చుతో ఆగిపోకండి. బాగుచేసే రోజుల్లో తీసుకున్న అద్దె కారు ఖర్చు, చాలా రాష్ట్రాల్లో కారు విలువలో వచ్చిన తగ్గుదల కూడా తప్పుచేసినవాళ్ల నుంచి అడగొచ్చు.

6. "గాలికి వచ్చి తగిలింది, ఎవరినీ అనలేం"

డాలస్ చుట్టుపక్కల వసంతకాలంలో గాలి ఎలా వీస్తుందో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. ముందే ఊహించగలిగే గాలికి జాగ్రత్త పడకపోవడం కూడా అజాగ్రత్తే. హఠాత్తుగా విరుచుకుపడిన సుడిగాలి వేరు, పొద్దుటినుంచీ హెచ్చరికలు వస్తున్నరోజు కార్ట్‌లను లాట్ నిండా వదిలేయడం వేరు. ఆరోజు వాతావరణ హెచ్చరిక వచ్చి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఫొటోలతో పాటు దాచండి.

మీ వైపు నుంచి కూడా జాగ్రత్త కావాలి. "స్టాండ్ పక్కన పెడితే సేఫ్" అన్నది కూడా తప్పే. జనం దూరం నుంచి స్టాండ్‌లోకి విసురుగా తోసిన కార్ట్‌లు గురి తప్పి పక్క కార్లకే తగులుతాయి. వాలు ఎగువన, స్టాండ్‌కు నాలుగైదు కార్ల దూరంలో పెట్టండి. ఫైర్ లేన్‌లోనో, కార్ట్‌లు నడిచే దారికి అడ్డంగానో పెట్టి ఉంటే మీ తప్పు కూడా లెక్కలోకి వస్తుంది. టెక్సస్‌లో మీ వంతు తప్పు సగానికి మించితే ఏమీ రాదు. కాలిఫోర్నియాలో మీ వంతు మేరకు తగ్గించి ఇస్తారు. వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరోలినాల్లో మాత్రం కొద్దిపాటి తప్పు మీవైపు ఉన్నా మొత్తం క్లెయిమ్ పోయే ప్రమాదం ఉంది. ఆ రాష్ట్రాల్లో మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు కాబట్టి ఇది బాగా గుర్తుంచుకోవాలి.

7. "ఫుల్ కవరేజ్ ఉందిగా, కాంప్రిహెన్సివ్ కింద వేసెయ్"

వడగళ్లు, దొంగతనం, చెట్టుకొమ్మ విరిగి పడటం, జింక అడ్డురావడం లాంటివి కాంప్రిహెన్సివ్ కిందికి వస్తాయి. కార్ట్ తగలడాన్ని మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీలు మామూలుగా కొలిజన్ కింద లెక్కేస్తాయి. లయబిలిటీ మాత్రమే ఉన్న పాలసీ అయితే మీ కారుకు పైసా రాదు. కొలిజన్ ఉన్నా ముందు డిడక్టిబుల్ మీరే భరించాలి. డిడక్టిబుల్ 1,000 డాలర్లు, రిపేరు 800 డాలర్లు అయితే క్లెయిమ్ వేసి లాభం సున్నా. పైగా ఆ క్లెయిమ్ మీ చరిత్రలో చేరుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు పంచుకునే క్లూ రిపోర్టులో ఏడేళ్ల దాకా క్లెయిమ్‌ల వివరాలు ఉంటాయి.

రిపేరు పెద్దదైతే మాత్రం మీ కంపెనీ ద్వారా వెళ్లడమే మేలు. వాళ్లు మీకు ముందు చెల్లించి, తర్వాత తప్పుచేసినవాళ్ల మీద రికవరీకి వెళతారు. అందులో గెలిస్తే మీ డిడక్టిబుల్ కూడా తిరిగి రావచ్చు. అందుకు కూడా నాలుగో అంశంలో చెప్పిన ఫొటోలే ఆధారం.

8. "ఎలాగూ క్లెయిమ్ వేస్తున్నావు, పాత సొట్ట కూడా కలిపెయ్ బావా"

ఈ మాట నవ్వుతూ చెబుతారు. ఇది ఇన్సూరెన్స్ మోసం, నేరం. తుప్పు పట్టిన అంచు, దుమ్ము పేరుకున్న గీత, ఎత్తు కలవని సొట్ట చూడగానే అడ్జస్టర్‌కు పాతదేదో కొత్తదేదో తెలిసిపోతుంది. పాతదాని కోసం అబద్ధమాడితే నిజమైన క్లెయిమ్ కూడా పోతుంది. వీసా మీద ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ, మోసం నేరం రుజువైతే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని చాలా తీవ్రంగా చూస్తుంది. ఈ సలహా ఇచ్చినవాళ్లకు అక్కడే గట్టిగా వద్దని చెప్పండి.

9. "కోర్టుకెళితే వీసాకి ఇబ్బంది, వదిలేయ్ అన్నా"

భయం సహజమే, కానీ దీనికి ఆధారం లేదు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేసినంత మాత్రాన హెచ్1బీకో, గ్రీన్ కార్డు దరఖాస్తుకో వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. ఇలాంటి గొడవల కోసమే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులున్నాయి. ఫీజు తక్కువ, లాయరు లేకుండానే నడపొచ్చు. కాలిఫోర్నియాలోనైతే విచారణలో అవతలివాళ్లు కూడా లాయరును నిలబెట్టే వీల్లేదు. టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా, జార్జియా మేజిస్ట్రేట్ కోర్టులో 15,000 దాకా, కాలిఫోర్నియాలో వ్యక్తులు 12,500 దాకా, న్యూజెర్సీ స్మాల్ క్లెయిమ్స్‌లో 5,000 దాకా అడగొచ్చు.

గడువు మాత్రం దాటనివ్వకండి. వస్తునష్టం దావాకు టెక్సస్‌లో రెండేళ్లు, కాలిఫోర్నియాలో మూడేళ్లు, జార్జియాలో నాలుగేళ్లు, న్యూజెర్సీలో ఆరేళ్లు గడువుంది. దావా వేసేటప్పుడు స్టోర్ బోర్డు మీది పేరు కాకుండా కంపెనీ అసలు పేరు రాయాలి. ఆ పేరు, నోటీసు అందుకోవాల్సిన ఏజెంట్ చిరునామా చాలా రాష్ట్రాల్లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

10. "నీ కార్ట్ జారి వేరేవాడి కారుకి తగిలిందా? ఎవరూ చూడలేదుగా, వచ్చేయ్"

పదింటిలో అన్నిటికంటే చెడ్డ సలహా ఇది. ఇంతవరకూ మన కారు గురించే మాట్లాడుకున్నాం. కార్ట్ మన చేతిలోంచి జారిన రోజు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అజాగ్రత్త మనదైతే పరిహారం బాధ్యతా మనదే. కెమెరాలో మీ కారు నంబరు కూడా పడే ఉంటుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉండేవాళ్లు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లోనూ, ఇంటి ఇన్సూరెన్స్‌లోనూ వ్యక్తిగత లయబిలిటీ అనే భాగం ఉంటుంది. కార్ట్ జారి వేరేవాళ్ల కారుకు తగలడం లాంటి నష్టాలను సాధారణంగా అదే భరిస్తుంది, ఆ భాగానికి మామూలుగా డిడక్టిబుల్ కూడా ఉండదు. కాబట్టి పారిపోవాల్సిన అవసరమే లేదు. ఆ కారు అద్దానికి మీ పేరు, ఫోన్ నంబరుతో చీటీ పెట్టండి, లోపలికెళ్లి స్టోర్‌లో చెప్పి అనౌన్స్ చేయించండి, మీ పాలసీ కంపెనీకి ఫోన్ చేయండి. మీ కారుతోనే పార్క్ చేసి ఉన్న కారును గుద్దితే, ఓనరును వెతకడం, దొరక్కపోతే వివరాలతో చీటీ పెట్టడం టెక్సస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో చట్టం విధించిన బాధ్యత. వెళ్లిపోతే అది హిట్ అండ్ రన్ కేసే.

చివరగా ఒక్క మాట. మన స్టోర్ల ముందు గడ్డి దిమ్మెల అంచు మీద ముందు చక్రాలు ఎక్కించి నిలబెట్టిన కార్ట్‌లు ఎప్పుడూ కనిపిస్తుంటాయి. కదలదులే అన్న నమ్మకంతో అలా పెట్టి వెళ్లిపోతారు. ఒక్క గాలి తోపుకి అది దిగి దొర్లుతుంది, దాని దారిలో ఉన్నది మనలాంటివాళ్ల కారే. ఆల్డీ స్టోర్లలో పావు డాలర్ నాణెం పెడితేనే కార్ట్ వస్తుంది, తిరిగి పెడితేనే నాణెం వస్తుంది. అక్కడ మనం తిరిగి పెడుతూనే ఉన్నాం కదా. నాణెం లేనిచోట కూడా అదే పని చేద్దాం. బియ్యం సంచీ డిక్కీలో పెట్టాక, పిల్లల్ని సీట్లలో కూర్చోబెట్టి తలుపు వేశాక, కార్ట్‌ను స్టాండ్ దాకా నడిపించి లోపలికి నెట్టి రండి. మీ పిల్లలు చూస్తున్నారు కాబట్టి వాళ్లకూ అదే అలవాటవుతుంది.